ఒహైయోలో ఆర్‌సీవీ నిషేధం బిల్లు: మా హౌస్ మెంబర్‌కి ఏమని రాయాలి?

కొత్త ఓటరు, కొలంబస్ దగ్గర:
సిటిజన్‌షిప్ వచ్చాక ఇక్కడి రాజకీయాలు కాస్త పట్టించుకుంటున్నాను. సెనేట్ బిల్లు 63 ఒహైయో సెనేట్‌లో 2025లో పాసై హౌస్‌కి (రాష్ట్ర దిగువ సభకి) వచ్చింది. రాష్ట్రంలో ర్యాంక్డ్ ఛాయిస్ వోటింగ్ (ఆర్‌సీవీ: నచ్చిన వరసలో 1, 2, 3 అని వేస్తే, వెనకబడి పోటీలోంచి పోయినవాళ్ళ ఓట్లు తర్వాతి పేరుకి మారే పద్ధతి) ఎక్కడా ఉండకూడదు, కాదని ఏ సిటీ అయినా పెట్టుకుంటే దానికి రాష్ట్రం పంచే లోకల్ గవర్నమెంట్ ఫండ్ ఆపేస్తారు. అదీ సంగతి. ఆర్‌సీవీ మంచిదో కాదో నాకింకా తేలలేదు. కానీ మా కౌన్సిల్‌ని మేమెలా ఎన్నుకోవాలో కూడా రాష్ట్రమే చెప్పడం మింగుడు పడట్లేదు. ఏ పాయింట్ మీద రాస్తే బాగుంటుంది? అసలు ఇప్పుడు ఇక్కడ ఏ ఊళ్ళోనూ లేని పద్ధతికి ఇంత హడావుడి ఎందుకు?

పోల్‌వర్కర్, సిన్సినాటి:
తేలలేదన్న మాటే రాయండి. ఆర్‌సీవీ వీరాభిమానులు రాసే ఉత్తరాలు వాళ్ళకి ఎలాగూ వస్తాయి.

నేను ఎన్నికల రోజు పోలింగ్ కేంద్రంలో పనిచేస్తుంటాను. మా కౌన్సిల్‌కి తొమ్మిది సీట్లు. వార్డుల్లేవు, ఊరంతా ఒకటే నియోజకవర్గం. పొడుగాటి జాబితాలో తొమ్మిది మంది దాకా గుర్తు పెట్టొచ్చు. "తొమ్మిదీ వెయ్యాలా?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. అక్కర్లేదంటాం. లెక్క తెలిసినవాళ్ళు తమకి బాగా కావాల్సిన ఒక్కరికే వేసి వెళ్ళిపోతారు, ఎందుకంటే రెండో పేరుకి వేసిన ఓటే మొదటి పేరుని ఓడించొచ్చు. ఈ పద్ధతిని నైన్ ఎక్స్ అంటారు.

ఇది ఎప్పట్నుంచో ఉన్నది కాదు. 1925 నుంచి 1957లో తీసేసేదాకా ఇదే ఊళ్ళో ర్యాంకులే వేశారు. నచ్చిన వరసలో 1, 2, 3 అని వేస్తే, మొత్తం ఓట్లలో పదోవంతు కాస్త దాటినవాళ్ళకి సీటు. అంతకుముందు కౌన్సిల్ దాదాపు మొత్తం ఒకే పార్టీ పెద్దల చేతిలో ఉండేది, ఆ పట్టు విడిపించడానికే దీన్ని తెచ్చుకున్నారు. తీసేసిన కథ మాత్రం బాగుండదు. నల్లజాతి కౌన్సిల్ సభ్యుడు థియోడోర్ బెర్రీ మేయర్ అయిపోతాడన్న భయాన్ని ప్రచారంలో బాగా వాడుకున్నారు. అయినా తెచ్చిందీ సిన్సినాటి ఓటర్లే, తీసేసిందీ వాళ్ళే. రాష్ట్ర రాజధాని కొలంబస్‌లో కూర్చున్నవాళ్ళు కాదు.

ఇక డబ్బు సంగతి. 1912 నుంచి ఒహైయో రాజ్యాంగంలోనే ఊళ్ళకి హోం రూల్ (తమ పాలన తామే చూసుకునే హక్కు) ఉంది, సొంత చార్టర్ (ఊరి పాలనకి మూల నియమావళి) రాసుకోవచ్చు. నేరుగా వద్దంటే కోర్టులో నిలుస్తుందో లేదో అని కాబోలు, ఫండ్ మీద పడ్డారు. ఇది నా ఊహే అనుకోండి.

గిట్టనివాడు:
ర్యాంకులతోనే జరిగే పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల కౌంటింగ్ రోజులకి రోజులు సాగడం చూసినవాళ్ళం, మళ్ళీ ఆ టెన్షన్ ఇక్కడ కూడానా? కాలిఫోర్నియాలో అలమీడా కౌంటీ 2022లో ఓక్‌లాండ్ స్కూల్ బోర్డు సీటుకి తప్పు మనిషిని గెలిచినట్టు సర్టిఫై చేసేసింది. న్యూయార్క్ 2021లో 1,35,000 టెస్ట్ బ్యాలెట్లని లెక్కలో కలిపేసింది. పైగా ఒక్క పేరే రాసినవాళ్ళ ఓటు, ఆ మనిషి పోటీలోంచి పోగానే చివరి రౌండుకి ఉండదు.

పోల్‌వర్కర్, సిన్సినాటి:
మూడూ నిజమే. టెస్ట్ బ్యాలెట్లు కలిపింది మనుషులండీ, ర్యాంకులు కాదు. ఓక్‌లాండ్‌ది మాత్రం ర్యాంకుల లెక్కకే సంబంధించిన పొరపాటు. మొదటి గడి ఖాళీగా వదిలిన బ్యాలెట్లని ఎలా లెక్కించాలన్న సెట్టింగ్ తప్పు పెట్టారు. మూడోదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాకపోతే ఇప్పటి పద్ధతిలోనూ ఓడినవాళ్ళకి వేసిన ఓటు అక్కడే ఆగిపోతుంది కదా.

నా గొడవ వేరు. వెర్మాంట్‌లో బర్లింగ్టన్ చూడండి. 2009 మేయర్ ఎన్నికలో ర్యాంకుల ఫలితం చాలామందికి నచ్చలేదు, 2010లో ఊరే ఓటేసి తీసేసింది. 2021లో కౌన్సిల్ ఎన్నికలకి మళ్ళీ కావాలని ఆ ఊరే ఓటేసింది. ఇప్పుడు మెంఫిస్ చూడండి. 2008లో ఓటర్లు కావాలన్నారు, 2018లో రద్దు చేద్దామా అంటే వద్దన్నారు. 2022లో టెనెసీ రాష్ట్రం మొత్తానికే నిషేధించింది. ఒక్క ఎన్నికలో వాడి చూసే అవకాశం కూడా లేకపోయింది! బాగుందో లేదో ఆ ఊరికి ఎప్పుడు తెలియాలి?

గిట్టనివాడు:
ఫండ్ ఆపడం నాకూ నచ్చలేదు, ఆ డబ్బు లేకపోతే పాడయ్యేది మన రోడ్లే కాబట్టి. అయినా మా సిటీ బ్యాలెట్ మీదకి ఆర్‌సీవీ వస్తే వద్దనే వేస్తా.

పోల్‌వర్కర్, సిన్సినాటి:
వేయండి. వేసే వీలు మీకు ఉండాలనే నేనూ అంటున్నది.

కొత్త ఓటరు గారూ, హౌస్ మెంబర్‌కి ఈమెయిల్ కన్నా బిల్లుని పరిశీలించే హౌస్ కమిటీకి వ్యతిరేక వాంగ్మూలం రాసి పంపితే రికార్డులో ఉంటుంది. హియరింగ్ నోటీసులో గడువు చూసుకోండి, సాధారణంగా ముందురోజే పంపాలి. ఒక పేజీ దాటనివ్వకండి. మీ ఊరి పేరు, చార్టర్ ఉందా లేదా, లోకల్ గవర్నమెంట్ ఫండ్ నుంచి ఏటా ఎంత వస్తోంది అన్నవి మొదటి పేరాలోనే రావాలి. ఆ మొత్తం సిటీ బడ్జెట్‌లో దొరుకుతుంది.

కొత్త ఓటరు, కొలంబస్ దగ్గర:
బడ్జెట్ పీడీఎఫ్ తెరిచాను, ఆ ఫండ్‌కి విడిగా ఒక లైనే ఉంది. రాత్రికి డ్రాఫ్ట్ రాసి ఇక్కడే పెడతాను. గిట్టనివాడు గారూ, మీరు కూడా ఒకసారి చూసి తప్పులు పట్టండి.