బండిని వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఉంది, ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:
పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు. కొన్ని వారాలుగా బండి బరువుగా నడుస్తోంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇదివరకటిలా దొర్లుకుంటూ పోవడం లేదు, వేగం టక్కున పడిపోతోంది. మైలేజీ కూడా తగ్గింది. టైర్లలో గాలి సరిగానే ఉంది, ఎయిర్ ఫిల్టర్ మార్చాను. మెకానిక్ క్లచ్ ప్లేట్ పోయిందంటున్నాడు. అంత ఖర్చుకు దిగే ముందు ఇంకేమైనా చూడొచ్చా? అన్నట్టు, పొద్దున తీసినప్పుడు బాగానే ఉంటుంది. కాసేపు నడిపాకే మొదలవుతుంది.

జవాబు 1:
క్లచ్ జోలికి ఇప్పుడే పోకండి. క్లచ్ జారుతుంటే ఇంజన్ మోత పెరుగుతుంది గానీ బండి వేగం పెరగదు. మీది కాలు తీసినప్పుడు ఆగిపోవడం. ఈ రెండింటికీ సంబంధం లేదు.

ఇంజన్‌లో బలం తగ్గిందా, లేక చక్రాలనే ఏదో పట్టేస్తోందా అన్నది ముందు తేలాలి. బండి బాగా నడిచి, ఆ లక్షణం మొదలయ్యాక, ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద 30 కి.మీ. వేగంలో న్యూట్రల్ చేసి వదిలేయండి. ఇంజన్ మాత్రం ఆపకండి, ఆపితే బ్రేక్ బూస్టర్ (పెడల్‌ను తేలిక చేసేది), పవర్ స్టీరింగ్ ఇచ్చే సాయం పోతుంది. హాయిగా దొర్లితే ఇంజన్ వైపు వెతకాలి: ఇంధన సరఫరా, సెన్సర్లు, మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగ గొట్టంలో పొగను శుద్ధి చేసే భాగం) లాంటివి. న్యూట్రల్‌లోనూ బిగబట్టినట్టు ఆగిపోతే చక్రాల దగ్గరే ఉంది విషయం.

మీరు చివర్లో ‘అన్నట్టు’ అని చెప్పిన మాటే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. వేడెక్కాక పట్టేస్తోందంటే ముందు బ్రేకులనే అనుమానించాలి.

జవాబు 2:
హ్యాండ్‌బ్రేక్ కూడా చూడండి. లివర్ పూర్తిగా దించినా కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రాకపోతే వెనక చక్రాలు రాసుకుంటూనే ఉంటాయి.

అడిగినవారు:
న్యూట్రల్ పరీక్ష చేశాను. దొర్లడం లేదు, తొందరగా ఆగిపోతోంది. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర సెగ, కాలిన వాసన. మిగతా మూడూ మామూలుగానే ఉన్నాయి. స్టీరింగ్ కూడా కొద్దిగా ఎడమకు లాగుతోంది.

జవాబు 1:
అయితే క్లచ్ సంగతి మరచిపోండి. ఆ బ్రేక్ వదలడం లేదు. ఇది తేలేదాకా బండి తీయకండి. బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ నేలదాకా పోతుంది, బ్రేకే పడదు. సెగగా ఉంది కదా అని డిస్క్ (చక్రంతో పాటు తిరిగే బ్రేక్ పళ్లెం) మీద నీళ్లు పోయొద్దు, వంకర పోవచ్చు, పగలొచ్చు కూడా.

చల్లారాక చదును నేల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు ఎడమ వైపు జాకీ ఎత్తి స్టాండ్ మీద నిలపండి. ఒక్క జాకీనే నమ్ముకోవద్దు. గేరు న్యూట్రల్‌లో పెట్టి చక్రం తిప్పండి. ప్యాడ్లు (డిస్క్‌ను నొక్కి ఆపే బిళ్లలు) కాస్త రాసుకునే చప్పుడు మామూలే. గరగరమంటూ ఊగుతుంటే బేరింగ్. చల్లగా ఉన్నప్పుడు వదులుగా తిరిగితే, స్టార్ట్ చేసి బ్రేక్ పెడల్ గట్టిగా కొన్నిసార్లు తొక్కి వదిలి మళ్లీ తిప్పి చూడండి.

బిగుసుకున్నప్పుడు అసలు పరీక్ష. కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) మీద ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మూతి ఉంటుంది, అదే బ్లీడింగ్ నిపుల్. దానికి చిన్న ట్యూబు తొడిగి, రెండో కొస సీసాలో పెట్టి, నిపుల్ కొద్దిగా వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే వదిలేస్తే, లోపల ఒత్తిడి చిక్కుకుపోయిందన్నమాట. అప్పుడు తప్పు హోస్‌ది (కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం) గానీ, మాస్టర్ సిలిండర్‌ది (పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి నెట్టేది) గానీ. ఆయిల్ కారినా చక్రం బిగుసుకునే ఉంటే కాలిపర్‌దే తప్పు: పిస్టన్ తుప్పు, లేదా కాలిపర్ జరిగే పిన్నులు ఎండిపోవడం. నిపుల్ బిగించాకే పెడల్ తొక్కాలి. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది, ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి.

జవాబు 3:
మాస్టర్ సిలిండర్ అయితే సాధారణంగా ఒక్క చక్రంతో ఆగదు. ముందు రెండూ పడతాయి, లేదా చాలా చిన్న కార్లలో బ్రేక్ లైన్లు ఐమూలగా ఉంటాయి కాబట్టి ముందు ఒకటి, వెనక ఎదుటిది పడతాయి. మిగతా మూడూ మామూలుగా ఉన్నాయన్నారు గనక నా ఓటు హోస్‌కే.

అడిగినవారు:
తెలిసిన మెకానిక్‌ను పక్కన పెట్టుకుని చేశాను. నిపుల్ వదులు చేయగానే ఆయిల్ చిమ్మింది, చక్రం ఫ్రీగా తిరిగింది. కానీ హోస్ బయట నుంచి కొత్తదానిలా ఉంది, ఎక్కడా పగుళ్లు లేవు. దాన్ని ఎలా అనుమానించాలి?

జవాబు 1:
పాడయ్యేది లోపలి పొర. అది ఉబ్బినా, ఊడి వేలాడినా దారి ఇరుకవుతుంది. మీ కాలి బలానికి ఆయిల్ ఎలాగోలా అందులోంచి కాలిపర్‌లోకి దూరుతుంది. తిరిగి రావడానికి ఆ బలం లేదు. డిస్క్ బ్రేక్‌లో పిస్టన్‌ను వెనక్కి తీసేది స్ప్రింగ్ కాదు, దాని చుట్టూ ఉన్న రబ్బరు సీలు సాగి వెనక్కి రావడమే. అది మిల్లీమీటరులో చిన్న వంతు కదలిక. అందుకే కాస్త అడ్డం ఉన్నా ప్యాడ్ డిస్క్‌ను అంటుకునే ఉంటుంది. ఆ రాపిడికి ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, పట్టు ఇంకా బిగుస్తుంది. మీకు కాసేపు నడిపాకే మొదలవడం అందుకే.

పూర్తిగా తేల్చుకోవాలంటే, మళ్లీ పట్టినప్పుడు నిపుల్ బదులు ఇనుప పైపు హోస్‌కు కలిసే నట్టు వదులు చేయించండి. అక్కడ వదులు చేసినా చక్రం వదలక, నిపుల్ దగ్గర వదిలితే హోసే.

అడిగినవారు:
అలాగే చేశాం. నట్టు దగ్గర వదల్లేదు, నిపుల్ దగ్గర వదిలింది. హోస్ మార్చి బ్లీడింగ్ చేశాక (లైన్లో చేరిన గాలి తీసేశాక) బండి మునుపటిలా దొర్లుతోంది. కుడి వైపుది కూడా మార్చాలా?

జవాబు 1:
మార్చండి, దాని వయసూ అంతే కదా. ఎడమ వైపు ప్యాడ్లు అద్దంలా మెరుస్తున్నా, డిస్క్ నీలంగా మారినా రెండు వైపులా కొత్తవి వేయించండి. కాలిపర్ విప్పినప్పుడు పిన్నులకు బ్రేకుల కోసమే చేసిన గ్రీజు పెట్టమనండి, మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బుతుంది. ఆయిల్ కూడా మాడి ఉంటుంది కాబట్టి మొత్తం మార్పించడం మేలు. బ్రేక్ ఆయిల్ రకాలైన డాట్ 3, డాట్ 4లలో ఏది పోయాలన్నది రిజర్వాయర్ మూత మీదే ఉంటుంది.