మూడు నిధులు, ఒకే అకౌంటెంట్: సాఫ్ట్‌వేర్ కొనాలా?

బ్రాడీపేట_లెక్కలు (గుంటూరు)
అందరికీ నమస్తే. ఇక్కడ ఒక చిన్న సొసైటీలో పని చేస్తున్నాను. పేరుకి అకౌంటెంట్‌ని, రిపోర్టులు రాసేదీ ట్యూటర్లకు జీతాలు వేసేదీ కూడా నేనే. మిర్చి యార్డు చుట్టుపక్కల తొడిమలు తీసే కూలీల పిల్లలకు సాయంత్రం ట్యూషన్ సెంటర్లు నడుపుతాం. ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద ఇచ్చే) డబ్బు, ఒక ట్రస్టు గ్రాంటు, ఊళ్లోవాళ్ల చందాలు, ఇదీ మా రాబడి.

కంపెనీ వాళ్లు పిల్లల లెక్క వయసులవారీగా అడుగుతారు, ట్రస్టు వాళ్లు తరగతులవారీగా. షేక్ రేష్మాలు ముగ్గురున్నారు, అందులో ఒకమ్మాయి ట్రస్టు లిస్టులో రేష్మా బేగం. రెండు లిస్టులూ కలిపితే అసలు ఉన్న పిల్లలకంటే ఎక్కువమంది తేలుతున్నారు! మార్చి 31 దగ్గరపడుతోంది, యూసీ (డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధృవపత్రం) కోసం దాతల ఫోన్లు మొదలయ్యాయి. సెక్రటరీ గారేమో సాఫ్ట్‌వేర్ కొందామంటున్నారు. ఎక్సెల్‌తో గడవదా? ఒకే ట్యూటర్ జీతం రెండు గ్రాంట్లలో ఎలా చూపించాలి? ఇంకోటి, విజయవాడలో ఒక పెద్ద సంస్థ తమ విదేశీ నిధిలో కొంత మాకిస్తామంటోంది. తీసుకోవచ్చా?

బెజవాడ_వోచర్
అమ్మా, సాఫ్ట్‌వేర్ మాట ఈ ఏడాదికి పక్కన పెట్టండి. రేష్మాలు ముగ్గురని మీకు తెలుసు, దానికి తెలీదు. తప్పుల లిస్టు ఎక్కిస్తే ఆ తప్పులనే రంగురంగుల గ్రాఫుల్లో చూపిస్తుంది. ముందు ప్రతి బిడ్డకీ ఒక నంబరు ఇవ్వండి. సెంటర్ మారినా, మానేసి మళ్లీ వచ్చినా ఆ నంబరు మారకూడదు. పక్కనే తల్లి పేరు, పుట్టిన తేదీ. దాతకో లిస్టు పెట్టుకోవద్దు. పెద్ద షీట్ ఒక్కటే ఉండాలి, కంపెనీకి వయసులు, ట్రస్టుకి తరగతులు దాన్లోంచే పివట్ టేబుల్‌తో (ఎక్సెల్‌లో లెక్కలు గుంపులవారీగా తేల్చే సదుపాయం) తీయండి.

ఆధార్ జిరాక్సులు బీరువాలో కట్టలు కట్టే అలవాటుంటే మానేయండి. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు. 2023 డేటా రక్షణ చట్టంలో పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి, చేర్చుకునే ఫారంలోనే ఆ సంతకం తీసుకోండి.

జీతం సంగతి. టైమ్‌షీట్ లేకుండా జీతాన్ని విడదీయొద్దు. ఏ సెంటర్లో ఎన్ని గంటలు చెప్పారో ట్యూటర్ రాసి సంతకం పెట్టాలి, ఆ గంటల ప్రకారమే పంచాలి. రెండు బడ్జెట్లలోనూ ఉంది కదా అని రెండుచోట్లా పూర్తి జీతం చూపిస్తే అది డబుల్ క్లెయిమ్. దొరికితే మళ్లీ గడప తొక్కనివ్వరు. ప్రతి బిల్లు మీదా ఏ గ్రాంటులోంచి చెల్లించారో రబ్బరు స్టాంపు వేయండి, స్కాన్ తీయకముందే. ఆడిటర్ కళ్లు ముందు దానికోసమే వెతుకుతాయి. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇవ్వకండి, ఆదాయపు పన్నులో అది ఖర్చు కింద లెక్కకు రాదు.

స్కాన్లు ఆన్‌లైన్‌లో ఉంచండి. మా ఆఫీసు సింగ్‌నగర్‌లో కింది అంతస్తు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లొచ్చినప్పుడు రిజిస్టర్లన్నీ నానిపోయాయి, డ్రైవ్‌లో ఉన్నవే మిగిలాయి.

కృష్ణలంక_సీఏ
విదేశీ నిధి వద్దండి. 2020 సెప్టెంబరు సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద వచ్చిన డబ్బు ఒక సంస్థ ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, అవతల రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. వాళ్లే నేరుగా మీ సెంటర్లలో ఖర్చుపెట్టుకుంటామంటే అది వేరే మాట.

సీఎస్ఆర్ డబ్బు మిగిలేలా ఉంటే మార్చి ఆఖరున స్టేషనరీ కొని ఖర్చు చేసేయకండి. ఇప్పుడే కంపెనీకి మెయిల్ పెట్టండి. కొనసాగే ప్రాజెక్టయితే ఖర్చు కాని సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాకు మార్చాల్సింది కంపెనీయే. ముందే తెలిస్తే వాళ్లకూ టెన్షన్ ఉండదు.

యార్డు_సెంటర్
నేనూ గుంటూరే అక్కా. సీజన్ అయ్యాక పిల్లలు తల్లిదండ్రులతో ఊళ్లకెళ్లిపోతారు కదా, వాళ్లని 'మానేశారు' అని రాయకండి. 'వలస' అని వేరే కాలమ్ పెట్టండి. లేకపోతే జూన్ రిపోర్టు చూసి ఇంతమంది ఎందుకు తగ్గారని ప్రతి ఏటా అదే ప్రశ్న.

బ్రాడీపేట_లెక్కలు
అందరికీ థాంక్సండీ. పాత బిల్లుల మీద ఇప్పుడు స్టాంపు వేయొచ్చా?

బెజవాడ_వోచర్
దాతకు ఇంకా పంపనివైతే వేయండి. ఇప్పటికే స్కాన్ పంపేసిన బిల్లులను ముట్టుకోవద్దు, మీ దగ్గరున్నదీ వాళ్ల దగ్గరున్నదీ తేడా వస్తే లేనిపోని అనుమానాలు. వాటిని వోచర్ నంబర్లవారీగా ఒక కాగితం మీద రాసి, ఎదురుగా గ్రాంటు పేరు వేసి, సెక్రటరీ గారి చేత ఇవాళ్టి తేదీతోనే సంతకం పెట్టించండి. పాత తేదీ మాత్రం వేయించొద్దు.