‘తేమతో కూడిన వేడి’ అంటే ఉక్కపోతేనా?

వెచ్చని తీరప్రాంతాల ఋతువుల గురించి యాత్రికులకు రాసేటప్పుడు ‘తేమతో కూడిన వేడి’ అనవచ్చా, ‘ఉక్కపోత’ అనాలా అన్న ప్రశ్నకు నా సమాధానం: ఈ రెండూ ఒకటి కావు.

ఎండ కాస్తుంది, వాన కురుస్తుంది, గాలి వీస్తుంది; ఉక్క మాత్రం పోస్తుంది. చెమటకూ మనం ఇదే క్రియ వాడతాం కనుక, ఈ మాట ఆకాశంలో జరిగేదానికన్నా ఒంటిమీద జరిగేదాన్ని చెబుతోందని నా అభిప్రాయం. అందుకే ఎండ పొడ లేని మబ్బు రోజునా, అర్ధరాత్రి వేళా ఉక్కపోయగలదు. వడగాలి దీనికి పూర్తిగా ఎదురు: అక్కడ చెమట పట్టిందని తెలిసేలోపే ఆరిపోతుంది.

ఉక్కలో వేడి, తేమలతోపాటు గాలి ఆడకపోవడం కూడా ఉంది; ‘తేమతో కూడిన వేడి’ అన్న అనువాదంలో జారిపోయేది ఈ మూడోదే. తీరంలో పగలు నేల నీటికన్నా త్వరగా వేడెక్కడంవల్ల సముద్రం నుంచి గాలి వీస్తుంది, రాత్రి నేల త్వరగా చల్లారడంవల్ల ఆ గాలి దిశ మారుతుంది. ఈ మార్పు జరిగే సాయంవేళ కొంతసేపు ఆకు కూడా కదలదు. ఉష్ణోగ్రత మధ్యాహ్నంకన్నా తగ్గినా ప్రాణం ఉసూరుమనేది అప్పుడే.

నీడలో 32 డిగ్రీల సెల్సియస్ ఉండి, సాపేక్ష తేమ (గాలి పట్టగల ఆవిరిలో అప్పటికి ఉన్న వంతు) 70 శాతం ఉంటే ఒంటికి సుమారు 41 డిగ్రీలుగా తోస్తుందని, వేడినీ తేమనూ కలిపి చూసే ఉష్ణ సూచిక లెక్క. ఆ లెక్క కూడా చిరుగాలి ఉందనుకుని కట్టినదే కాబట్టి, గాలి స్తంభించినప్పటి ఉక్క దానికీ పూర్తిగా అందదు. (తేమ శాతం ఒక్కటే చూసి బెంబేలు పడనక్కరలేదు. గాలి చల్లబడినకొద్దీ అది పట్టగల ఆవిరి తగ్గుతుంది కనుక, ఆ శాతం సాధారణంగా తెల్లవారుజామునే ఎక్కువగా కనిపిస్తుంది.)

ముసురు పట్టిన రోజున తేమ నిండుగా ఉన్నా దాన్ని ఎవరూ ఉక్క అనరు. కాబట్టి నెలవారీ పట్టికలో అంకె ఉన్నచోట ‘తేమ’ అనే రాయండి. తొలకరికి ముందు రోజులను, రెండు వానల మధ్య గాలి ఆడని వేళలను వర్ణించేటప్పుడు ‘ఉక్కపోత’ వాడండి. ‘ఉక్క వాతావరణం’ అన్న కొత్త కూర్పు మాత్రం నా చెవికి ఇంపుగా లేదు. ‘ఉక్కగా ఉంటుంది’ అంటే చాలు.