సైకిల్ తొక్కేవారికి వీధిలో హెల్మెట్ ఎందుకు?

కరకట్ట (చర్చ మొదలు)

హైదరాబాదులో మా కాలనీవాళ్లం పదిమందిమి ఆదివారం తెల్లవారుజామున కలిసి సైకిళ్లపై వెళ్తుంటాం. హెల్మెట్ లేనివారు గుంపుతో రాకూడదని గత నెల ఒక నియమం పెట్టుకున్నాం. ఇద్దరు అలిగి మానేశారు. చట్టంలో లేనిది మీరెలా పెడతారని వారి ప్రశ్న. లేదన్నది నిజమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను మోటారు సైకిలు నడిపేవారికీ, వెనుక కూర్చునేవారికీ మాత్రమే హెల్మెట్ తప్పనిసరి చేసింది. సైకిలు మోటారు వాహనం కాదు. 250 వాట్లకు మించని, గంటకు 25 కిలోమీటర్ల వేగం దాటని బ్యాటరీ సైకిళ్లు కూడా ఆ లెక్కలోకి రావు. అందువల్ల నేను ఇక్కడ చట్టం గురించి కాక, వీధిలోకి సైకిలు తీసే మనిషి తనంతట తాను హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలన్న విషయం గురించి అడుగుతున్నాను.

నా కారణం చెబుతాను. నిరుడు శ్రావణంలో సన్నటి తుంపరలో సర్వీసు రోడ్డు మీద వెళ్తున్నాను, వేగం పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. వాననీటి కాలువపై పరిచిన ఇనుప చట్రంలో కమ్మీలు అడ్డంగా కాక దారి పొడవునా ఉన్నాయి. ముందు చక్రం ఆ సందులోకి దిగి ఆగిపోయింది, నేను ఆగలేదు. కణత దగ్గర హెల్మెట్ నిలువునా పగిలింది, నాకు మోచేయి మాత్రమే చీరుకుపోయింది. ఆ హెల్మెట్ లేకపోతే ఈ చర్చ మొదలుపెట్టడానికి నేను ఉండేవాణ్ణి కాదని నా నమ్మకం.

రాంగ్‌రూట్

కరకట్ట గారూ, మీరు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. కానీ మీ కథలో దోషి ఎవరు? కమ్మీలను దారి పొడవునా బిగించిన గుత్తేదారు. ఆయన్ని వదిలేసి, పడినవాడి నెత్తి మీద ఇంకొక బరువు పెట్టమంటున్నారు.

నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్లపై మూడు వేలమందికి పైగా చనిపోయారు, వారిలో పిల్లలే నాలుగు వందలు దాటారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ‘పిల్లల హత్యలు ఆపండి’ అని ఉద్యమం చేశారు. వారు అడిగింది హెల్మెట్లు కాదు, వేరే దారులు. ఈనాటికీ అక్కడ మామూలు ప్రయాణికులు హెల్మెట్ లేకుండానే తొక్కుతారు. మనకు దొరికిందేమిటి? 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు వెంట సౌర ఫలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ దారి ప్రారంభమైంది. చక్కగా ఉంది, కాదనను. కానీ నగరంలో చాలామంది అక్కడికి చేరాలంటే సైకిలును కారు వెనుక తగిలించుకుని వెళ్లవలసిందే.

పగిలిన హెల్మెట్ గురించి ఒక్క మాట. లోపలి తెల్లని పొర నలిగితేనే అది పని చేసినట్టు. నలగకుండా విరిగితే దెబ్బను ఎంత మింగిందో ఎవరూ చెప్పలేరు. పగిలింది కనుక ప్రాణం కాపాడిందనడం తొందరపాటు.

లెక్కల పంతులు

రాంగ్‌రూట్ గారి చివరి మాట సరైనదే, మెచ్చుకోవాలి. ఆ తెల్లని పొర మనం టీవీ పెట్టెల్లో చూసే థర్మోకోల్ జాతిదే, కాకపోతే గట్టిగా అదిమి చేసినది. దాని పనంతా నలగడంలోనే ఉంది. అయితే నలిగిన తరువాత విరగడమూ ఉంటుంది. కరకట్ట గారు ఆ ముక్క ఇంకా దాచి ఉంటే విరిగిన అంచు పక్కన మందం తగ్గిందో లేదో కొలిచి చూడవచ్చు.

ఇక అందరూ పొరపడే విషయం ఒకటుంది. ‘నేను మెల్లగా తొక్కుతాను, నాకెందుకు’ అంటారు. సీటు మీద కూర్చున్న మనిషి తల నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తు నుంచి పడిన వస్తువు నేలను తాకే వేగం సెకనుకు 5.4 మీటర్లు, అంటే గంటకు సుమారు 19.5 కిలోమీటర్లు. సైకిలు నిలబడి ఉన్నా ఆ వేగం అంతే. మీరు ఎంత నిదానంగా తొక్కినా భూమి మిమ్మల్ని లాగే తీరు మారదు. యూరపులో సైకిల్ హెల్మెట్లను పరీక్షించే ఈఎన్ 1078 ప్రమాణం చదునైన ఇనుప దిమ్మె మీద పడవేసి చూసేది కూడా ఇంచుమించు ఈ వేగంతోనే. అలా పడిన తల రాతి మీద మూడు మిల్లీమీటర్లలో ఆగిందనుకోండి. మధ్యలో రెండు సెంటీమీటర్లు నలిగే పొర ఉంటే ఆగే దూరం దాదాపు ఏడు రెట్లు పెరుగుతుంది, సగటు బలం ఏడో వంతుకు దిగుతుంది. హెల్మెట్ చేసేది అంతే. లారీ కింద పడినవాణ్ణి అది కాపాడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నీళ్ల కాలువ, గతుకు, అడ్డొచ్చిన కుక్క, రంగు వేయని స్పీడ్ బ్రేకర్, ఇవి పడేసే పతనాలకే ఆ లెక్క.

న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలివియర్, క్రైటన్ అనే పరిశోధకులు 2016లో అంతకుముందున్న నలభై పరిశోధనలను, సుమారు 64,000 మంది గాయపడిన సైకిలిస్టుల వివరాలను కలిపి చూశారు. హెల్మెట్ ఉన్నవారిలో తీవ్రమైన తలగాయానికి ఉన్న అవకాశం 69 శాతం తక్కువ, ముఖానికి గాయమయ్యే అవకాశం 33 శాతం తక్కువ. మెడ విషయంలో తేడా కనబడలేదు.

యర్రా ఒడ్డున

మెల్‌బోర్న్ నుంచి రాస్తున్నాను. ప్రపంచంలో మొట్టమొదట సైకిలిస్టులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది మా విక్టోరియా రాష్ట్రమే, 1990 జూలై 1న. ఇక్కడ హెల్మెట్ లేకుండా కనబడితే రెండు వందల డాలర్లు దాటిన జరిమానా. తలగాయాలు తగ్గాయి; సైకిలు ఎక్కే పిల్లల సంఖ్య కూడా తగ్గింది. గాయాలు తగ్గింది హెల్మెట్ వల్లనా, తొక్కేవారు తగ్గడం వల్లనా అన్న తగాదా ముప్పై ఏళ్లు దాటినా తీరలేదు. 2010లో పెట్టిన అద్దె సైకిళ్లకు హెల్మెట్ పెద్ద అడ్డంకి అయింది. దుకాణాల్లో అయిదు డాలర్లకే అమ్మినా జనం కదలలేదు, 2019లో ఆ పథకం మూసేశారు. అమెరికాలో సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీ తన హెల్మెట్ నియమాన్ని 2022లో రద్దు చేసుకుంది, ఎందుకంటే జరిమానాలు ఎక్కువగా ఇల్లు లేనివారికీ నల్లజాతివారికీ పడుతున్నాయని తేలింది.

నేను మాత్రం రోజూ పెట్టుకుంటాను. మంచి అలవాటు వేరు, పోలీసు చేతిలోని రసీదు పుస్తకం వేరు. కరకట్ట గారు ఆ రెండింటినీ వేరు చేసి అడిగారు కనుక నేను ఆయన పక్షమే.

రాంగ్‌రూట్

పంతులు గారి లెక్కతో నాకు పేచీ లేదు. కానీ ఆ 69 శాతంలో హెల్మెట్ పెట్టుకునే మనిషి స్వభావం కూడా కలిసి ఉంటుంది కదా. హెల్మెట్ కొనేవాడు లైటూ కొంటాడు, తాగి తొక్కడు, ఎర్రలైటు దగ్గర ఆగుతాడు. అదంతా థర్మోకోల్ ఖాతాలో వేయడం న్యాయమా? ఇంకొకటి. ఇంగ్లండులో ఇయాన్ వాకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తానే సైకిలెక్కి వెనుక నుంచి వచ్చే వాహనాలు ఎంత దూరంలో దాటుతున్నాయో కొలిచాడు. హెల్మెట్ పెట్టుకున్నప్పుడు సగటున 8.5 సెంటీమీటర్లు దగ్గరగా వచ్చాయట.

అన్నిటికంటే ముఖ్యం, మీరంతా ఆదివారపు సైకిళ్ల గురించి మాట్లాడుతున్నారు. మా వీధిలో రోజూ సైకిలు తొక్కేది పేపరు వేసే కుర్రాడు, రాత్రి డ్యూటీ ముగించుకుని వెళ్లే వాచ్‌మన్, క్యారియర్‌కు తాపీ సామాను కట్టుకున్న మేస్త్రీ. వారి సైకిలే రెండు వేలకు కొన్న పాతది. దానిలో సగం ధర పెట్టి హెల్మెట్ కొనమని ఎవరు చెబుతారు?

రెండు జడలు

నేను కోనసీమలో ఉంటాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడికి రానూపోనూ ఎనిమిది కిలోమీటర్లు కాలువ గట్టు మీదే. ఎదురుగా ఇసుక ట్రాక్టరు వస్తే అటు కాలువ, ఇటు పొలం బోదె. ప్రభుత్వం ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చిన రోజుల్లో మా ఊరిలో చాలామంది చదువు మానకుండా నిలిచారు. ఆ సైకిలుతో పాటు హెల్మెట్ కూడా ఇవ్వవలసిందని అప్పుడెవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

మా ఇబ్బందులు వేరు. మొదట మావారి మోటారు సైకిలు హెల్మెట్ పెట్టి పంపాను. కిలో పైచిలుకు బరువు, చెవులు మూసుకుపోయి వెనుక హారను వినబడలేదని రెండో రోజే వద్దంది. తరువాత సైకిలుదే కొన్నాం, పావు కిలో ఉంటుంది, గాలి ఆడుతుంది. అయితే జడలు పైకి మడిచి రిబ్బను కట్టిన రోజున అది తలకు సరిగ్గా కూర్చోదు, వెనక్కి జారి నుదురంతా బయటపడుతుంది. జడలు కిందికి వదిలి, మెడ దగ్గర కట్టుకుంటే సరిపోయింది. పూలు పెట్టుకునే రోజున గొడవ మామూలే. బడిలో హెల్మెట్ పెట్టుకోవడానికి చోటు లేదు. హ్యాండిల్‌కు తగిలిస్తే ఎండలో మాడుతుంది, లేదా మగపిల్లలు బంతి చేసి ఆడతారు. ఈ చిన్న సంగతులు తేలకపోతే ఎంత మంచి లెక్కయినా పిల్లల తల మీద నిలవదు.

కరకట్ట

రెండు జడలు గారూ, మీరు రాసినది మా గుంపు నియమం కంటే పనికొచ్చేది. కనుబొమలకూ హెల్మెట్ అంచుకూ మధ్య రెండు వేళ్ల వెడల్పు మించి ఖాళీ ఉండకూడదు, గడ్డం కింద పట్టీలో ఒక వేలు మాత్రమే దూరాలి, ఈ రెండూ చూస్తే చాలు. ఒకసారి గట్టిగా పడిన హెల్మెట్‌ను, పైకి బాగున్నా, మళ్లీ వాడవద్దు.

రాంగ్‌రూట్ గారూ, స్వభావం గురించి మీ సందేహం సబబే. అందుకే నేను ఆ శాతాన్ని పట్టుకుని వేలాడను. పతనం ఎత్తు లెక్క మాత్రం జాగ్రత్తపరుడికీ, తొందరపాటువాడికీ ఒకటే. వాకర్ కొలతల మీద తరువాత ఇతర పరిశోధకులు మళ్లీ లెక్కలు వేసి ఆ తేడాకు ప్రాధాన్యం లేదన్నారు, ఆ వాదం నడుస్తూనే ఉంది. నాకు తోచేది వేరు. ఎనిమిది సెంటీమీటర్లకు లెక్క చూసుకునే డ్రైవర్లు మన రోడ్ల మీద ఉంటే ఈ చర్చే అక్కర లేకపోయేది. కమ్మీల మీద ఫిర్యాదు ఇచ్చాను, రెండుసార్లు. అవి ఇంకా అలాగే ఉన్నాయి. దారి బాగయ్యే దాకా తల ఆగదు కదండీ.

వాచ్‌మన్ గురించి మీరడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ మోటారు హెల్మెట్లకు 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేనిదే అమ్మకూడదన్నారు, ఆ ఉత్తర్వు సైకిలు హెల్మెట్లకు కాదు. చవకలో నమ్మదగినది ఏదో ఆయన ఎలా పోల్చుకోవాలో నాకు తెలియదు.

ఆ పాత హెల్మెట్ అటక మీద దొరికింది. పంతులు గారు చెప్పినట్టు స్కేలు పెట్టి చూశాను. విరిగిన అంచు దగ్గర మందం అటువైపు కంటే అయిదు మిల్లీమీటర్లు తక్కువ ఉంది.

రాంగ్‌రూట్

నలిగిందన్నమాట. ఒప్పుకుంటున్నాను. మా సందు చివర పాల బూత్‌కు నేను పెట్టుకోను, అది చెప్పేస్తున్నాను. కానీ మెయిన్ రోడ్డు దాటవలసిన రోజున పెట్టుకుంటాను. వచ్చే ఆదివారం మీ గుంపుతో వస్తాను, దారిలో ఆ కమ్మీలు చూపించండి, మూడో ఫిర్యాదు మీద నేనూ సంతకం పెడతాను. నా తల చుట్టుకొలత 58 సెంటీమీటర్లు. ఎవరి దగ్గరైనా అదనంగా ఉంటే తెండి, ఆ అటక మీదిది మాత్రం వద్దు.