అమ్మ ఎదురుచూసేలా వారానికొక చిన్న సరదా చెప్పగలరా?

మాది విజయవాడ. నాన్న పోయి ఏడాదైంది. అప్పటినుంచి అమ్మకి దేనిమీదా ఆశ లేదు. పండక్కి ఏం చేద్దామన్నా "నీ ఇష్టంరా" అంటుంది, అంతే.

పోయిన ఆదివారం సాయంత్రం ప్రకాశం బ్యారేజీ దగ్గరికి తీసుకెళ్లాను. గాలికి కొంగు తలచుట్టూ బిగించుకుని కృష్ణ వైపే చూస్తూ చాలాసేపు నిలబడింది. మిరపకాయ బజ్జీ సగం తుంచి నా చేతిలో పెట్టింది, చిన్నప్పుడు పెట్టినట్టే. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "మళ్లీ ఎప్పుడు వెళ్దాం?" అంది. ఏడాదిలో తను నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది.

అందుకే ప్రతి ఆదివారానికీ ఏదో ఒకటి అనుకుని ఉంచాలని నా ఆరాటం. మోకాళ్ల నొప్పులు, ఉండవల్లి గుహల మెట్లు ఎక్కలేదు. భవానీ ద్వీపానికి వెళ్లే పడవ పెద్దవాళ్లు ఎక్కడం, దిగడం తేలికేనా? కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేసేవాళ్ల దగ్గర కాసేపు కూర్చుని చూడనిస్తారా? దశావతారాల బొమ్మలంటే అమ్మకి ప్రాణం.

ఊరు దాటే పనే కానక్కర్లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు దేనికోసం ఎదురుచూస్తారో అదైనా చెప్పండి. శనివారంలోగా తెలిస్తే అమ్మని ముందే ఊరిస్తాను.