అప్‌డేట్: మంత్రం, క్షేత్రం, పాత్రలలోని ‘త్ర’ గురించి

తిరుపతిలో నిత్యం చెవినపడే మంత్రం, స్తోత్రం, క్షేత్రం వంటి మాటల చివరనున్న ‘త్ర’ అంతటా ఒక్కటేనా, దానికి ‘రక్షించేది’ అన్న అర్థం నిజంగా ఉందా అని ఇదివరకు అడిగాను. మీ జవాబులు చదివి, ఇక్కడి వ్యాకరణ పండితులొకరితో మాట్లాడిన మీదట తేలిన సంగతులివి.

‘మననం చేసేవారిని త్రాణం చేసేది మంత్రం’ అన్న వివరణ భక్తికి సొంపుగా ఉంటుంది గానీ, భాషాచరిత్ర ముందు నిలవదు. పాణిని 3.2.182వ సూత్రంలో నీ, శస్, స్తు మొదలైన ధాతువులకు సాధనమనే అర్థంలో ‘ష్ట్రన్’ ప్రత్యయాన్ని (మాటలో మిగిలేది దానిలోని ‘త్ర’ మాత్రమే) విధించాడు. నేత్రం, శస్త్రం, స్తోత్రం అలా ఏర్పడ్డవే. నివసించడమనే అర్థమున్న ‘క్షి’ నుంచి వచ్చిన క్షేత్రంలో మాత్రం అది సాధనాన్ని కాక చోటును చెబుతుంది. ఈ ప్రత్యయానికి సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లకు ఉమ్మడి మూలభాషగా పండితులు ఊహించిన ఆదిమ ఇండో-యూరోపియన్‌లో ‘*-త్రోమ్’ అనే మూలరూపాన్ని పునర్నిర్మించారు. గ్రీకులో నాగలిని ‘అరొత్రొన్’ అనీ, లాటిన్‌లో ‘అరాత్రుమ్’ అనీ అనడం దాని చలవే. దాత, నేత, కర్తలనిచ్చిన ‘తృ’ దీనికి చుట్టమేనని పలువురి అభిప్రాయం; నాకూ అది సబబుగానే తోస్తోంది.

అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది పాత్ర. గాంధీ రోడ్డు దుకాణాల్లో ఇత్తడి బిందెలకూ గంగాళాలకూ కలిపి వాడే ఈ మాట తాగడమనే అర్థమున్న ‘పా’ నుంచి పుట్టింది; తాగే గిన్నెను చెప్పే లాటిన్ ‘పోకులుమ్’ దీని జ్ఞాతి, అంటే అదే మూలం నుంచి వచ్చిన మాట. అందులోని ‘కులుమ్’ మాత్రం ‘*-త్లోమ్’ అనే మరో రూపం నుంచి దిగింది. లిథువేనియన్‌లో నాగలికున్న ‘అర్క్లస్’ అనే పేరులోనూ ఆ ‘త్ల’యే ‘క్ల’ అయింది. సంస్కృతంలో ర, ల లు చాలావరకు కలిసిపోయినందువల్ల, పాత్ర వీటిలో దేని సంతానమో దాని రూపాన్ని మాత్రమే చూసి నిర్ణయించలేము.

గోత్రం సంగతి వేరు. ఇక్కడ చెప్పుకున్న మాటల్లో, రక్షించడమనే ‘త్రా’ ధాతువు నిజంగా ఉన్నది అందులోనే.