బోరు నీళ్లు కొలవడం నేర్చుకుంటే రైతు మారతాడా? చదువా, చట్టమా?

పలక_బలపం:
హైస్కూల్లో సైన్స్ చెబుతాను. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయమని 1991లోనే పర్యావరణ లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా పిల్లలు భూగర్భజలాల జవాబు తడుముకోకుండా రాస్తారు. మర్నాడు వచ్చి, నాన్న ఇంకో బోరు వేయిస్తున్నాడని సంబరంగా చెబుతారు. మెజిరో అనే అమెరికా ఆచార్యుడు 1978 నుంచి చెప్పిందేమిటంటే, పెద్దవాళ్లు నిజంగా నేర్చుకోవడమంటే కొత్త సంగతులు పోగేసుకోవడం కాదు, ఇన్నాళ్లూ అనుమానం లేకుండా నమ్మినదాన్నే మళ్లీ పరీక్షించుకోవడం. అలాంటి చదువు మన దగ్గర ఎక్కడైనా జరిగిందా? జరిగితే నీళ్లు మిగిలాయా?

మీటరు_కావాలి:
చదువుతో అయ్యే పని కాదండీ. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలని వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం 2002 నుంచీ చెబుతోంది, గట్టిగా అమలు చేసినవాళ్లు లేరు. 2004 నుంచి ఆంధ్రలో సేద్యానికి కరెంటు ఉచితం. ఆటో స్టార్టర్ ఉంటే అర్ధరాత్రి కరెంటు వచ్చినా మోటరు దానంతటదే ఆడుతుంది. రైతు తెలియక తోడడం లేదు, నేను ఆపితే పక్కవాడు తోడుకుంటాడని బాగా తెలిసే తోడుతున్నాడు. మీటరు పెట్టండి, వాడకానికి హద్దు పెట్టండి, అప్పుడు మారతారు.

కదిరి_చేను:
అన్నా, అదే లెక్క మా పెదనాన్నకూ ఉండేది. ఇంకోటి కూడా ఉండేది: ఎవరి బోరు కింద వాళ్ల జల వేరు, మన జల ఎండితే మన తలరాత. రెండించుల నీళ్లు పడిన బోరు ఎండితే, కొబ్బరికాయతో నీళ్లు చూసేవాణ్ణి పిలిపించి అప్పు చేసి ఇంకోటి వేయించేవాడు.

2000 దశకంలో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో, రైతులే తమ భూగర్భజలాలను చూసుకునే ఒక ప్రాజెక్టు నడిచింది, పేరు ఏపీఎఫ్‌ఏఎంజీఎస్. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆరువందలకు పైగా ఊళ్లు. నీళ్లు తగ్గిస్తే డబ్బిస్తామనలేదు, వరి వేయొద్దని ఆర్డరూ వేయలేదు. వాన ఎంత పడిందో, బోర్లలో నీళ్లు ఎంత లోతుకు పోయాయో రైతులే కొలిచి ఊళ్లో బోర్డు మీద రాసేవాళ్లు, రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేద్దామనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని లెక్క వేసేవాళ్లు. ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లనుకుంటే దాదాపు 48 లక్షల లీటర్లు, వేరుశనగకు 500 అనుకుంటే 20 లక్షలు. మాకు ఏడాదంతా పడే వానే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ.

పెదనాన్నను మార్చింది ఈ అంకెలు కూడా కాదు. రెండు నెలలు తన బోరూ పక్క చేను బోరూ ఒకేరోజు కొలిచాడు, పక్కాయన మోటరు ఆడిన వారం తనదీ దిగింది, ఆపిన వారం తనదీ నిలబడింది. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదని పెద్దమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఇరవై ఏళ్లు ఎవరి మీద కోపం పెంచుకున్నాడో, ఆ పక్కాయనా తానూ ఒకే నీళ్లు తోడుతున్నామని అప్పుడే తెలిసింది ఆయనకు. ఇది ఏ మీటరూ నేర్పదు.

మీటరు_కావాలి:
ఆ కథ నమ్ముతాను. ప్రాజెక్టు వాళ్లు వెళ్లిపోయాక బోర్డు సంగతి చెప్పండి.

కదిరి_చేను:
రెండేళ్లకు మా ఊళ్లో రాయడం ఆగిపోయింది. దాచను. పెదనాన్న మళ్లీ బోరు కింద వరి వేయలేదు కానీ, డ్రిప్పు పెట్టి మిగిల్చిన నీళ్లతో కొందరు చీనీ (బత్తాయి) తోట ఇంకో రెండెకరాలు పెంచారు, మిగిలిందంతా అక్కడికే పోయింది. అంటే ఒక మనిషి మారితే చాలదు, ఊరు కూర్చుని లెక్క వేయడం ఏటా జరగాలి. మీరడిగే హద్దు కూడా ఆ కూర్చున్న చోటే పుట్టాలి. హైదరాబాదులోనో అమరావతిలోనో పుట్టిన హద్దుకు వాల్టా గతే పడుతుంది.

పలక_బలపం:
మా స్కూల్లో పాడుబడిన బోరు ఒకటుంది. తాడు వేసి పిల్లలచేత పదిహేను రోజులకోసారి కొలిపించి గోడ మీద రాయిస్తాను. వానమాపకం కూడా పెడతాం.

మీటరు_కావాలి:
పెట్టండి మాస్టారూ, కానీ స్కూలు గోడ మీద ఆపొద్దు. రబీకి ముందు ఆ లెక్క గ్రామసభలో చదివించండి, ఎన్ని ఎకరాల వరి తగ్గిందో ఇక్కడ రాయండి. తగ్గకపోతే అదీ రాయండి.